దండెం

దండెం అనగా ఉతికిన బట్టలను ఆరవేయడానికి రెండు గుంజల మధ్య గాని, గోడకు చెట్టుకు మధ్య గాని కట్టే తాడు లేదా తీగ. దీనిని సాధారణంగా పెరటిలోను, డాబాపైన కడతారు. ఇందుకు కొబ్బరి తాడు, నూలు తాడు, నైలాన్ తాడు, ఇనుప తీగ మొదలగునవి వాడుతారు.

ఆరే విధానం

బట్టలలోని నీరు ఆవిరి కావడానికి ఉష్ణం అవసరం. 1 కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ శక్తి కావాలి. ఇది దాదాపు 0.67 యూనిట్ల విద్యుత్తుకు సమానం. దండెంపై ఈ శక్తి ఎండనుండి, చుట్టూ ఉన్న గాలినుండి ఉచితంగా లభిస్తుంది. వీచే గాలి బట్టను అంటియున్న తేమను తొలగిస్తుంది. కావున ఎండ లేకున్నా పొడిగాలి ఉన్నచో బట్టలు ఆరుతాయి. వర్షాకాలంలో గాలిలో తేమ ఎక్కువగా ఉండుటవలన ఆలస్యమవుతుంది.

ప్రయోజనాలు

* డ్రయ్యరుకయ్యే విద్యుత్తు ఆదా అవుతుంది.
* ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొడిదనం సూక్ష్మజీవులను తగ్గిస్తాయి.
* డ్రయ్యరులో కలిగే రాపిడి ఉండదు గనుక బట్టలు ఎక్కువకాలం మన్నుతాయి.
* గదులలో ఆరవేసినపుడు పెరిగే తేమ, బూజు ఉండవు. బూజు ఉబ్బసం ఉన్నవారికి హానికరం.
* ఎండలో ఆరిన బట్టలకు ప్రత్యేకమైన వాసన వస్తుంది. ఆల్డిహైడ్లు, కీటోన్లు అనే రసాయనాలు ఏర్పడుట ఇందుకు కారణమని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించారు.

పరిమితులు

తీవ్రమైన ఎండలో రంగులు వెలిసిపోతాయి. అందుచేత రంగు బట్టలను తిరగవేసి గాని, నీడలో గాని ఆరవేయాలి. ఉన్ని బట్టలు వేలాడదీస్తే సాగుతాయి, కనుక పరచి ఆరవేయడం మంచిది. పుప్పొడి పడనివారికి ఆరుబయట ఆరిన బట్టలవలన ఇబ్బంది కలుగవచ్చును.

విద్యుత్ ప్రమాదాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇనుప తీగ దండేలవలన విద్యుదాఘాతానికి గురై మరణించిన సంఘటనలు ఉన్నాయి. సర్వీసు తీగ తొడుగు చిరిగి దండేనికి తగిలినపుడు, లేదా దండేన్ని విద్యుత్ ప్రసరిస్తున్న ఇనుప కమ్మీకి, రేకుకు కట్టినపుడు తీగ అంతటా విద్యుత్తు ప్రవహిస్తుంది. తడిబట్ట, తడిచేయి ప్రమాదాన్ని పెంచుతాయి. బాధితుని పట్టుకొని లాగబోయినవారు కూడా విద్యుదాఘాతానికి గురవుతారు. కావున ముందుగా మెయిన్ స్విచ్ ఆపాలి. నివారణకు ఇనుప తీగకు బదులు నైలాన్ తాడు వాడాలి. దండేన్ని విద్యుత్ స్తంభాలకు కట్టరాదు, సర్వీసు తీగకు దూరంగా ఉంచాలి.

చట్టాలు

అమెరికాలో అనేక గృహ సముదాయాలు అందం చెడుతుందని ఆరుబయట దండేలను నిషేధించాయి. ఇట్టి నిషేధాలు చెల్లకుండా ఫ్లోరిడా 1980లోను, వెర్మాంట్ 2009లోను చట్టాలు చేశాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2008లో ఇటువంటి నిషేధాలను తొలగించింది.