కెరమెరి లోయల్లో కాపురాలు

సాయంత్రం పూట నల్లకుంట నుంచి విద్యానగర్ మీదుగా ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా నడవడం నాకు ఏళ్ల అలవాటు. 1939లో నిజాం ప్రారంభించిన ఆ రాతి భవనం మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా మనసు ఆదిలాబాద్ కొండలకు పోతుంది. 1945 నుంచి 1949 దాకా ఈ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం బోధించిన హైమెన్‌డార్ఫ్, గోండుల గురించి చాలావరకు ఆ కొండల్లోని మార్లవాయి గూడెంలో ఉండే తెలుసుకున్నాడు. అటు తిరిగితే తార్నాక. ఒకప్పుడు అక్కడొక తోట, దాని చుట్టూ ముళ్లతీగ, తీగ దగ్గర కాపలా నాకా ఉండేవనీ, అందుకే తార్నాక అయిందనీ పాతవాళ్లు చెప్పుకుంటారు. కంచె ఎవరు వేశారు, లోపల ఎవరున్నారు, బయట ఎవరు మిగిలారు అన్నదే ఆ కొండల కథ కూడా.

కొండలోయలో పశువుల మందతో కాపురం పెట్టిన తొలి కుటుంబాలు అనగానే చదువుకున్నవాళ్లకు అమెరికా గుర్తొస్తుంది. అక్కడ 1862 నాటి చట్టం, ఇల్లు కట్టుకుని ఐదేళ్లు సాగు చేసినవాడికి 160 ఎకరాలు రాసిచ్చింది. ఆ నేలలో చాలా భాగం అంతకుముందు అక్కడి మూలవాసులది. మన కెరమెరి, జైనూరు, ఉట్నూరు లోయల్లో ఇల్లు కట్టింది, దున్నింది, మందలు మేపింది అక్కడి పాత మనుషులే. వాళ్ల దగ్గర కాగితం లేదు, అంతే.

గోండు గూడెం ఒక్కరోజులో పుట్టేది కాదు. పెద్దమనిషి ఒకడు, అతణ్ని పట్లా అంటారు, తన వంశం వాళ్లను వెంటబెట్టుకుని నీళ్లున్న చోటు చూసేవాడు. ముందు ఊరిని కాచే అకిపేన్‌కు చోటు నిలపాలి, ఆ తర్వాతే ఇళ్లు. ఆ నేల దేవతలను కొలవడానికి గోండులు కోలాములను పిలుస్తారు. తమకన్నా ముందు నుంచి ఆ గుట్టల మీద ఉన్నది కోలాములేనని వాళ్ల నమ్మకం. వెనక వచ్చినవాళ్లు ముందున్నవాళ్లను పూజారులుగా పెట్టుకుని బతికిన ఈ మర్యాద నాకెప్పుడూ గొప్పగా తోస్తుంది.

వెదురు తడికలకు మట్టి మెత్తిన గోడలు, పైన గడ్డికప్పు, పక్కన పశువుల కొట్టం, చుట్టూ దడి. గుట్టల మీది చెలకల్లో కొన్నేళ్లు అరక దున్ని, సారం తగ్గాక ఆ తునకను అడవికి వదిలేసి పక్కదానికి మళ్లేవారు. నల్లరేగడిలో యాసంగి జొన్న వేసేవారు. ఎండాకాలం వస్తే తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో ఇప్పచెట్ల కిందికి చేరేవారు. ఏరి తెచ్చిన పువ్వు వాకిట్లో ఎండుతుంటే ఇల్లంతా ఆ తీపి వాసనే. పొయ్యి మీద జొన్న గట్క. కాపురం మొత్తం ఆనుకున్నది మాత్రం ఎడ్ల మీద. మేతకు అడవి ఉన్నంతకాలం మంద పెరిగేది, అరకకు జత కొదవయ్యేది కాదు.

శ్రావణ అమావాస్యకు పొలాల పండుగ చూడాలి. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. వాగులో తోమి కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గజ్జెలు కట్టి, తోరణం కిందుగా ఊళ్లోకి నడిపిస్తారు. ఇంటి ముందు ఇల్లాలు కాళ్లు కడిగి బొట్టు పెడుతుంది, వండినదాన్ని ముందు ఎడ్ల నోటికి అందించాకే ఇంటివాళ్లు తింటారు.

ఈ బతుకు మీద గీత పడింది రిజర్వు అడవులతో. 1920ల నుంచి అటవీశాఖ హద్దులు గీస్తూ పోయింది. సారం తగ్గిందని అడవికి వదిలి, మళ్లీ కొన్నేళ్లకు వద్దామనుకున్న చెలక, తిరిగొచ్చేసరికి సర్కారు అడవి అయింది. పశువులు మేపినందుకు, కట్టెలు తెచ్చుకున్నందుకు బంబ్రాం, దూపపెట్టి అంటూ పన్నులు పడ్డాయి. గుడిసెలు తగలబడ్డాయి. బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేల నేల మాదేనంటూ గోండు నాయకుడు కుమ్రం భీం నిలబడ్డాడు. 1940లో జోడేఘాట్ గుట్ట మీద నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు.

తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియావాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో హైదరాబాద్ రాజ్యం దాటి పోవడానికి వీల్లేకుండా పోయింది. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గడ్డి ఇంట్లోనే కాపురం పెట్టి గోండీ నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీ వాచకాలు తయారయ్యాయి. ఆ చదువుకన్నా పెద్ద పని పట్టాలది. 1949 నాటికి దాదాపు లక్షా అరవై వేల ఎకరాలు, పదకొండు వేలకు పైగా గిరిజన కుటుంబాల పేరిట రాశారు. తాతలనాటి చెలకకు మనవడి పేరు దఫ్తరులోకి ఎక్కింది.

దానికి ఒక మూల్యమూ ఉంది. పట్టా ఒక సర్వే నంబరుకు కట్టేస్తుంది. చెలకను మార్చుకుంటూ తిరిగే సేద్యం అక్కడితో ఆగింది. అదే నేలను ఏటా దున్నాలి, ఎరువు పెట్టాలి, ఎరువు కోసం మందను కాపాడుకోవాలి, మందకేమో అడవిలోకి దారి లేదు. అన్నదమ్ములు విడిపోయిన కొద్దీ చేను ముక్కలైంది. రోడ్లు పడ్డాక వ్యాపారులు, పత్తి, అప్పు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. గిరిజనేతరులకు భూమి బదలాయింపును 1959 నిబంధన కట్టడి చేసింది, 1970 సవరణ దాన్ని ఇంకా బిగించింది. అయినా 1970లలో మళ్లీ వచ్చి చూసిన హైమెన్‌డార్ఫ్, తన కళ్లముందు పట్టాలైన భూములు ఎన్నో చేతులు మారాయని బాధతో రాశాడు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసమే సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలోనే పదమూడు మంది చనిపోయారు. అడవిలో సాగుచేస్తున్నవాళ్లకు హక్కు పత్రాలిచ్చే చట్టం 2006 దాకా రాలేదు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయికి తీసుకెళ్లి ఖననం చేశారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమెన్‌డార్ఫ్ అవశేషాలు 2012లో ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న గూడెం వాళ్లు సమాధుల దగ్గరికి వస్తారు. కొద్ది రోజుల తేడాతో పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో గోండుల మెస్రం వంశం వాళ్లు గోదావరి నుంచి కాలినడకన తెచ్చిన నీళ్లతో నాగోబాకు పూజ చేస్తారు, కొత్త కోడళ్లను దేవుడికి చూపించి వంశంలో కలుపుకుంటారు. ఆ పూజతో మొదలయ్యే జాతరలో దర్బారు కూడా జరుగుతుంది. హైమెన్‌డార్ఫ్ కాలంలో మొదలైన ఆ దర్బారులో అధికారుల ముందు భూమి పట్టా కోసం అర్జీలు ఇప్పటికీ పడుతూనే ఉన్నాయి.