స్పీకర్ మీద పడ్డ నింద

కార్లో సౌండ్ పెంచగానే సబ్ వూఫర్ బర్రుమంటే అందరం మొదట తిట్టేది స్పీకర్నే. కంటికి కనపడేదీ, అరిచేదీ అదే కాబట్టి. "కోన్ పోయిందండీ, మార్చేయాలి" అని షాపు వాడూ అనేస్తాడు. నన్నడిగితే ఆ వరసలో అన్నిటికంటే తక్కువ తప్పు చేసేది స్పీకరే. దీని వెనక వందేళ్ళ కథ ఉంది, కాస్త ఓపిక పట్టండి.

ఇప్పుడు మనం వాడే స్పీకర్ తీరు 1925 లోనే కుదిరిపోయింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు కాగితం కోన్ వెనక తీగచుట్ట తగిలించి, దాన్ని అయస్కాంతం మధ్య ఆడించారు. తీగచుట్ట ఆలోచన అంతకు ముందే ఉంది, కానీ దాన్ని పొడవాటి హారన్ లేకుండా చక్కగా పాడించింది వీళ్ళు. ఆ రోజుల్లో రేడియోలు ఇచ్చే పవర్ ఈ కొత్త స్పీకర్‌కి చాలలేదు. అందుకని 1926 లో రేడియోలా 104 పేరుతో అమ్మకానికి పెట్టినప్పుడు లోపలే ఒక ఆంప్లిఫయర్ పెట్టి అమ్మారు. అంటే మంచి స్పీకర్ పుట్టీ పుట్టగానే సమస్య దాని వెనకున్నవాడి దగ్గరికి వెళ్ళిపోయిందన్నమాట.

ఇహ ఆంప్లిఫయర్ సంగతి. టెలిఫోన్ మాట దూరం వెళ్ళాలంటే దారిలో ఎన్నో ఆంప్లిఫయర్లు కావాలి. ఒక్కొక్కటీ మాటని కొంచెం కొంచెం వంకర చేస్తే చివరికి ఏమీ అర్థం కాదు. బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్ అనే కుర్రాడు దీని మీద కొన్నేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. 1927 ఆగస్టు 2న పడవ మీద హడ్సన్ నది దాటి ఆఫీసుకెళ్తుంటే తట్టిందట: బయటికొచ్చిన దాంట్లో కొంత తీసి, తిప్పి లోపలికి పంపితే తప్పు దానంతటదే తగ్గిపోతుంది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేపర్ మీదే గీసేశాడు. మనం ఔట్‌పుట్‌ని ఇన్‌పుట్‌తో పోల్చి బగ్ పట్టుకున్నట్టే. పేటెంట్ రావడానికి మాత్రం 1937 దాకా ఆగాల్సి వచ్చింది. కరెంటు పరికరాల్లో ఇంతకంటే గొప్ప ఆలోచన ఇంకోటి లేదని నా అభిప్రాయం.

కానీ ఒక మెలిక ఉంది. ఈ ఫీడ్‌బ్యాక్ ఆంప్లిఫయర్‌లో వోల్టేజ్ ఉన్నంత వరకే పనిచేస్తుంది. అది అయిపోతే అలల తలలు కత్తిరించినట్టు తెగుతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పటిదాకా శుభ్రంగా పాడినది ఒక్కసారిగా గోడకి గుద్దుకున్నట్టు అరుస్తుంది.

కారులో ఈ గోడ మరీ దగ్గర. 1930 లో గాల్విన్ సోదరులు మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మినప్పటి నుంచీ ఇదే బాధ. అప్పటి కార్లలో బ్యాటరీ 6 వోల్టులే, రేడియో వాల్వులకేమో వందల్లో కావాలి. మొదట్లో దానికోసం విడిగా బ్యాటరీలు పెట్టేవారు. తర్వాత వైబ్రేటర్ అని ఒకటి వచ్చింది. జుయ్‌మని కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటుని తెంచి తెంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇచ్చేది. 1955 లో ఫిల్కో తయారు చేసిన పూర్తి ట్రాన్సిస్టర్ రేడియో క్రైస్లర్ కార్లలో వచ్చాక ఆ గోల తప్పింది. కానీ గోడ అక్కడే ఉంది.

లెక్క చూడండి. బండి స్టార్టులో ఉంటే సుమారు 14 వోల్టులు. 4 ఓమ్‌ల స్పీకర్‌కి ఒక శుభ్రమైన అల, దాని శిఖరం 14 దాకా వెళ్ళేలా ఇస్తే వచ్చేది 25 వాట్లు కూడా కాదు. మరి డాష్‌బోర్డ్ సెట్టు డబ్బా మీద "50 వాట్లు x 4" అని ఎలా రాస్తారు? 14 ని 14 తో హెచ్చవేసి 4 తో భాగించండి, 49 వస్తుంది! అంటే అల పూర్తిగా తెగి చతురస్రం అయిపోయినప్పటి పవర్ అది. పగిలిన సౌండుని కొలిచి డబ్బా మీద వేస్తున్నారు. ఎంత ధైర్యమో!

అందుకే సబ్ వూఫర్‌కి వేరే ఆంప్లిఫయర్ పెడతాం. దాని లోపల జరిగేది పాత వైబ్రేటర్ పనే, కాకపోతే ట్రాన్సిస్టర్లు సెకనుకి వేలసార్లు చప్పుడు లేకుండా చేస్తాయి. వోల్టేజ్ పెరిగింది, బానే ఉంది. కానీ ఊరికే రాదుగా. 500 వాట్లు బయటికి రావాలంటే, పాత రకం ఆంప్లిఫయర్ సగం వేడిగా పోగొట్టుకుంటుంది కాబట్టి, బ్యాటరీ నుంచి 70 ఆంపియర్లకి పైనే లాగాలి. ఆ ప్రవాహంలో తీగలో చిన్న లోపం కూడా పెద్దదే.

మా ఫ్రెండు కారు కథ ఇదే. స్పీకర్ మార్చమన్నారు, 14 వేలు. మల్టీమీటర్ పెట్టి చూస్తే బీట్ పడినప్పుడల్లా బ్యాటరీ దగ్గర 13.5, ఆంప్లిఫయర్ దగ్గర 11! బ్యాటరీ మైనస్‌కీ, ఆంప్లిఫయర్ గ్రౌండ్‌కీ మధ్య కొలిస్తే 2 వోల్టులు. గ్రౌండ్ తీగని పెయింటు మీదే బిగించారు మహానుభావులు. ఉప్పుకాగితంతో పెయింటు గీకి మళ్ళీ బిగిస్తే సగం రోగం పోయింది.

మిగతా సగం మావాడి చెయ్యి. గెయిన్ అనే మీటని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేశాడు. ముందున్న సెట్టు ఎంత సిగ్నల్ ఇస్తే ఆంప్లిఫయర్ నిండుతుందో సరిచూడడానికే అది. పైగా బేస్ బూస్ట్ 12 డెసిబెల్లు! అంటే ఆ స్వరానికి 16 రెట్లు పవర్ అడగడం. 50 వాట్లతో పోయేచోట 800 కావాలంటే ఎక్కడి నుంచి తెస్తుంది పాపం?

ఇవన్నీ సరిగ్గా ఉండీ బర్రుమంటే అప్పుడు డబ్బాని అనుమానించాలి. 1954 లో ఎడ్గర్ విల్చర్ మూసేసిన చిన్న పెట్టెలో గాలినే స్ప్రింగుగా వాడి లోతైన బేస్ తెప్పించాడు. రంధ్రం ఉన్న పెట్టెల లెక్కలు ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961 లోనే రాస్తే ప్రపంచం పట్టించుకోలేదు. 1971 లో అమెరికా పత్రికలో మళ్ళీ అచ్చయ్యాక, రిచర్డ్ స్మాల్ వాటిని విస్తరించాక గానీ వెలుగులోకి రాలేదు. ఇప్పుడు ప్రతి వూఫర్ కాగితం మీదా ఉండేవి ఈ ఇద్దరి పేర్ల కొలతలే. వాటి ప్రకారం రంధ్రం ఉన్న పెట్టెకి ఒక స్వరం దాకానే గాలి పట్టు ఉంటుంది. అంతకంటే కిందికి వెళ్తే కోన్ అదుపు తప్పి ఊగి, తీగచుట్ట వెనక పలకకి టకటకా కొట్టుకుంటుంది. ఆంప్లిఫయర్‌లో సబ్ సోనిక్ అనే మీట ఉన్నది అందుకే.

స్పీకర్ వంతు అన్నిటికంటే ఆఖర్న. సెట్టు ఆపేసి, రెండు చేతుల వేళ్ళతో కోన్‌ని అటూ ఇటూ సమంగా, మెల్లగా నొక్కండి. గరగరమని గీసుకుంటే తీగచుట్ట కాలిపోయిందనో పక్కకి జరిగిందనో అర్థం. అప్పుడు కొనుక్కోండి కొత్తది.