మోచిగెంబా వారి వలస

మన తెలుగువారిలో ఇంటిపేరు వినగానే ఏ ఊరి నుండి వచ్చినవారో కొంతవరకు ఊహించగలము. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, శాన్ ఆంటోనియో నగరానికి ఆగ్నేయంగా ఉన్న పల్లెలలో "మోచిగెంబా" అనే ఇంటిపేరు తరచుగా వినిపిస్తుంది. పోలిష్ భాషలో దీనికి "నోరు తడుపుకొనేవాడు" అని అర్థం. ఏ పూర్వీకుని అలవాటును బట్టి ఈ పేరు వచ్చిందో గాని, సముద్రం దాటి వచ్చినా ఆ కుటుంబం దానిని వదులుకోలేదు. ఈ కుటుంబం వలస వచ్చిన కథ ఒక విచారణ పుట్టిన కథ కూడా. అందుచేత దీనిని ఈ శతవార్షిక సంచికలో చెప్పుకొనుట తగునని మేము భావించాము.

లెయోపోల్డ్ మోచిగెంబా 1824లో ఎగువ సైలీషియాలోని ప్లుజ్నిత్స అనే పల్లెలో జన్మించాడు. ఆనాడు ప్రపంచ పటంలో పోలండు అనే రాజ్యమే లేదు. ఇంటిలో పోలిష్ మాటలాడే ఈ రైతులు ప్రష్యా రాజు ప్రజలు. లెయోపోల్డ్ ఫ్రాన్సిస్కన్ సభలో చేరి, 1847లో గురుపట్టం పొందాడు. గాల్వెస్టన్ మేత్రాసనానికి గురువులు కావాలని పీఠాధిపతి ఓడెన్ ఐరోపాలో వెదకుచుండగా ఆయన పిలుపునందుకొని 1852లో టెక్సాసుకు వచ్చాడు. మొదట ఆయనకు అప్పగించినది జర్మను వలసదారుల సేవ.

అక్కడ ఆయన చూచినదేమిటి? జర్మను రైతులకు స్వంత భూములున్నవి. సైలీషియాలో తనవారికి ఉన్నదేమిటి? చాలీచాలని చెక్కలు, దొరల బాకీలు, కొడుకులకు తప్పని సైనిక సేవ. టైఫస్ జ్వరం అప్పటికే ఊళ్ళను పీల్చివేసింది. క్రిమియా యుద్ధంతో తిండిగింజల ధరలు పెరిగాయి. 1854లో ఓడర్ నది వరదలు వచ్చి ఉన్న పంటనూ ముంచాయి. ఇటువంటి సమయంలో టెక్సాసు నుండి స్వామివారి ఉత్తరాలు ఊరికి చేరాయి. ఇక్కడికి రండి, భూమి కలదు అని ఆయన వ్రాశాడు. ఆ మాట నమ్మి బయలుదేరిన వారిలో ఆయన స్వంత సోదరులు కూడా ఉన్నారు.

ఆ ప్రయాణం గూర్చి కాస్త వివరంగా చెప్పవలసి ఉన్నది. బ్రెమెన్ రేవులో ఓడ ఎక్కి, వారాల తరబడి అట్లాంటిక్ మీద గడిపి, 1854 డిసెంబరు 3న గాల్వెస్టన్ రేవులో దిగారు. సుమారు వంద కుటుంబాలని సంప్రదాయంగా చెప్పుకొంటారు. అక్కడి నుండి ఇండియనోలా రేవుకు వెళ్ళి, మెక్సికన్ల బండ్లను బాడుగకు కుదుర్చుకొని, పరుపులు, నాగళ్ళు, తమ ఊరి గుడి నుండి తెచ్చుకొన్న సిలువ వాటి మీద వేసి, తాము కాలినడకను సాగిపోయారు. దారిలో జబ్బుపడి కొందరు కన్నుమూశారు. శాన్ ఆంటోనియోలో స్వామివారు వారిని కలుసుకొని ముందుకు తీసికొనిపోయారు. డిసెంబరు 24న శాన్ ఆంటోనియో నది, సిబొలో వాగు కలిసే చోటికి చేరారు. ఆ రాత్రి ఒక ఓక్ చెట్టు క్రింద క్రిస్మస్ దివ్య పూజాబలి జరిగింది. ఆ స్థలానికి "పన్నా మరియ", అనగా కన్య మరియ అని పేరు పెట్టారు. అమెరికాలో పోలిష్ వారి మొదటి శాశ్వత గ్రామం అదే.

తెల్లవారి చూస్తే ఇల్లు లేదు, వాకిలి లేదు. ఎటు చూచినా మనిషిని కప్పివేసే గడ్డి, ఆ గడ్డిలో పాములు. నేలలో గోతులు త్రవ్వి, పైన కొమ్మలు, గడ్డి కప్పుకొని వాటిలో కాపురముండిరి. తోక గలగలలాడించే ఆ పాము సైలీషియాలో లేదు గనుక, ఆ చప్పుడును బట్టి తమ యాసలోనే దానికి "ష్చిర్కోవా" అని క్రొత్త పేరు పెట్టుకొన్నారు. భూమిని ఒక వ్యాపారి వద్ద హెచ్చు ధరకు కొనవలసి వచ్చింది. ఆడవారి పావడాలు చీలమండలకు పైగా ఉండుటచే స్థానికులు ఎగతాళి చేశారు. అటువంటి బట్టలు తేవద్దని స్వామివారు ఇంటికి ఉత్తరం వ్రాయవలసి వచ్చింది. చదువునప్పుడు మాకు నవ్వు వచ్చింది గాని, ఆ ఇల్లాండ్రకు అది నవ్వు కాదు.

ఈ కష్టాల నడుమనే నిష్కళంక మాత దేవాలయాన్ని కట్టి, 1856 సెప్టెంబరులో అభిషేకించారు. అదే సంవత్సరం వాన మొగం చాటేసింది. నెలల తరబడి చినుకు లేదు, పంట లేదు. జనం కోపమంతా తమను పిలిచిన మనిషి మీదికి మళ్ళింది. కొందరు ఆయనను ఉరితీయాలన్నారనీ, కొందరు నదిలో ముంచాలన్నారనీ ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు. "నీ మాట నమ్మి వచ్చాము" అనే నిష్ఠూరం మనకు క్రొత్త కాదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల క్రిందికి కోస్తా నుండి తరలిపోయిన మన రైతుల ఇళ్ళలోనూ, ముందు వెళ్ళి మిగతావారిని రమ్మన్న బంధువుకు ఈ మాట తప్పి ఉండదు. 1856లోనే లెయోపోల్డ్ స్వామి పన్నా మరియ విడిచి వెళ్ళాడు. ఆయన సోదరులు మాత్రం అక్కడే ఉండిపోయారు. అన్నదమ్ములలో ఆ ఎడబాటు ఎంత బాధించిందో మనమే ఊహించుకోవాలి.

ఉన్నవారు నిలదొక్కుకొన్నారు. అంతర్యుద్ధ కాలంలో ఊరికి స్థిరమైన గురువు లేకపోయినా గుడి మూతబడలేదు. 1866లో వచ్చిన బకనోవ్‌స్కి స్వామి తుపాకులు పేల్చుచు ఊరిమీద పడే పశువుల కాపరులను ఎదిరించాడు. 1868లో పోలిష్ బడి వెలసింది. 1875లో పిడుగుపడి దేవాలయం దెబ్బతినగా రెండు మూడేండ్లలో మరల కట్టుకొన్నారు. ఇక్కడి నుండి కుటుంబాలు విస్తరించి చెస్తొహోవా మొదలైన ఊళ్ళు కట్టుకొన్నాయి.

లెయోపోల్డ్ స్వామి ఉత్తర రాష్ట్రాలలో తిరిగి సేవచేశాడు. అమెరికాలో పోలిష్ గురువిద్యాలయానికి 1879లో పదమూడవ లెయో పాపుగారి అనుమతి సంపాదించాడు. డెట్రాయిట్‌లో అది వెలయుట చూచి, 1891 ఫిబ్రవరిలో ఆ నగరంలోనే కన్నుమూశాడు. అక్కడే పాతిపెట్టారు.

శాన్ ఆంటోనియో మేత్రాసనం 1874లో ఏర్పడింది. దానికి నూరేండ్లు నిండిన 1974లో పన్నా మరియ ప్రజలు స్వామివారి అస్థికలను డెట్రాయిట్ నుండి తెప్పించారు. వెళ్ళగొట్టినవారి మునిమనుమలే వచ్చి, మొదటి పూజ జరిగిన ఓక్ చెట్టు క్రింద ఆయనను సమాధి చేశారు. ఆయన ఇంటిపేరు గలవారు ఎందరో ఆ గుడి ప్రక్క శ్మశానంలోనే నిద్రించుచున్నారు.