వంకర వెన్నుకు రాత్రి కవచము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వంటి ఊళ్ల పాఠశాలలలో డ్రిల్లు వరుసలో నిలిచిన ఒక బాలికకు ఒక భుజము ఎత్తుగా కనిపించినదనుకొందము. పుస్తకాల సంచియే కారణమందురు. ధర్మవరములోనైతే మగ్గముపై నింద పడినను ఆశ్చర్యము లేదు. ఆ రెండింటివలన ఈ వికారము కలుగునని ఋజువు కాలేదు. వెన్నెముక పక్కకు వంగి, దానితోపాటు మెలితిరుగుటను స్కోలియోసిస్ అందురు. పదేండ్లు దాటిన పిల్లలలో బయటపడు రకమునకు అసలు కారణమింకను తెలియదు. పిల్లను ముందుకు వంగుమన్నచో వీపున ఒకవైపు పక్కటెముకలు ఉబ్బెత్తుగా లేచును.

వెన్నును బలవంతముగా సరిచేయు యత్నము ప్రాచీనమే. హిప్పోక్రటీసు కాలమున రోగిని పలకపై పరుండబెట్టి రెండు కొసలను లాగెడివారు. 1741లో నికొలాస్ ఆండ్రీ అను ఫ్రెంచి వైద్యుడు తన గ్రంథములో వంకర చెట్టును గుంజకు కట్టిన బొమ్మ వేయించెను. అయితే వంకర తగ్గినదా లేదా తేల్చవలెనన్న ముందు దానిని కొలువవలెను కదా! ఎక్స్-కిరణ చిత్రముపై కోణమును కొలుచు పద్ధతిని 1948లో జాన్ కాబ్ ప్రకటించెను. పెరిగే వయసులో 25 డిగ్రీలు దాటిన వంకరకు నేడు కవచము వేయుదురు; 50 దాటినచో సామాన్యముగా శస్త్రచికిత్సయే.

1940ల నడుమ అమెరికాలోని మిల్వాకీ నగరమున బ్లౌంట్, ష్మిట్‌లు నిర్మించిన కవచము గడ్డము మొదలు కటి వరకు లోహపు కడ్డీలతో ఉండెను. దినమునకు 23 గంటలు ధరింపవలెను. పదమూడేండ్ల పిల్ల దానితో బడికి పోవుట ఎట్టిదో చెప్పనక్కరలేదు. 1970ల ఆరంభమున బోస్టన్‌లో హాల్, మిల్లర్‌లు చేసిన ప్లాస్టిక్ కవచము దుస్తుల మాటున దాగినది. అయినను పగటి బాధ తప్పలేదు.

1970ల చివర చార్లెస్టన్ నగరమున రీడ్, హూపర్‌లు వేరు దారి పట్టిరి. వంగిన వెదురుబద్దను సరిచేయువాడు దానిని నిటారుగా పట్టి ఊరకుండడు. ఎదురువైపునకు వంచి కట్టును. వెన్నును అట్లు వంచినచో మనిషి నడువలేడు. కాని పరుండినవానికి నడకతో పనియేమి? పైగా అప్పుడు తల, మొండెముల బరువు వెన్నుపై నిలువుగా పడదు. కనుక ఈ కవచము రాత్రి మాత్రమే, ఎనిమిది పది గంటలు, పగటి కవచముకన్న గట్టిగా వంచును. తరువాత ప్రావిడెన్స్ నగరమున డమాటో, మెకాయ్‌లు మరియొక రాత్రి కవచమును రూపొందించిరి.

ఫలితమేమి? 1997లో డాలస్ వైద్యులు పోల్చి చూడగా బోస్టన్ కవచమే మేలనిపించినది. నడుము ప్రాంతమున ఒకే చిన్న వంపు ఉన్నవారికే రాత్రి కవచమును సూచించిరి. 2013లో వైన్‌స్టీన్ బృందము 242 మందిపై ప్రకటించిన పరీక్షలో, పగటి కవచమిచ్చినవారిలో 72 శాతము, ఊరక గమనించినవారిలో 48 శాతము 50 డిగ్రీలకు చేరకయే పెరుగుదల ముగించిరి. ధరించిన గంటలు హెచ్చినకొలది ఫలము హెచ్చినది. రాత్రి కవచముపై వాదము ఇచటనే ఉన్నది: తక్కువ గంటలను ఎక్కువ వంపు పూరింపగలదా? విప్పి మూలపడవేసిన కవచముకన్న రాత్రియంతయు ఉంచుకొన్నది మేలనుట మాత్రము కాదనలేము.

ఏ కవచమైనను ఉన్న వంకర ముదురకుండ ఆపుటకే. దానిని పూర్తిగా నిటారు చేయుటకు కాదు. బాలిక రజస్వలయైన సుమారు రెండేండ్లకు పెరుగుదల చాలవరకు ఆగును. పదవ తరగతిలో కనిపెట్టిన వంకరకు అది చేయగలిగినది తరచు స్వల్పమే.