పెదవికీ ఇత్తడికీ నడుమ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, "నీ ఇంజనీరింగు గురించి రాయి, లేదంటే మన బడి బ్యాండు గురించి రాయి" అన్నాడు. ఆ రెండూ కలిసే చోటు ఒకటుంది. అది అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి ముక్క. బరువు వంద గ్రాములు, అటూ ఇటూగా. దాని పేరు ట్రంపెట్ మౌత్‌పీస్.

మా కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. బ్యాండు మాస్టారు వాయిద్యాలన్నీ ఆటల సామాను గదిలో పెట్టి తాళం వేసేవారు. మౌత్‌పీసులను మాత్రం ఖాకీ గుడ్డ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవారు. ప్రాక్టీసు రోజున మమ్మల్ని వరసలో నిలబెట్టి ఎవరిది వాళ్ల చేతికిచ్చేవారు. ఎనిమిదో తరగతిలో నాకు వచ్చింది మీరట్‌లో చేసిన పాత మౌత్‌పీస్. అంచు మీద వెండి పూత పోయి ఇత్తడి బయటపడింది. మూడు వారాలు ఆయన నన్ను ట్రంపెట్ ముట్టుకోనివ్వలేదు. ఉత్త మౌత్‌పీస్ మీదే ఊదించారు. "ముందు ఇది పలకాలిరా. ఇది పలికితే గొట్టం దానంతటదే పలుకుతుంది" అనేవారు. అప్పట్లో అది చాదస్తం అనుకున్నాను.

సన్నాయిలో నాదం పుట్టేది పీకలో. ట్రంపెట్‌లో అలాంటి పీక ఏదీ ఉండదు, వాయించేవాడి పెదవులే పీక. ఆ పెదవులు అదరడానికి చోటిచ్చేది మౌత్‌పీస్. దానికి నాలుగు భాగాలు. పెదవికి ఆనే అంచు, దాని లోపల చిన్న గిన్నె, గిన్నె అడుగున సన్నని గొంతు, అక్కడి నుంచి మెల్లగా వెడల్పయ్యే వెనక రంధ్రం. గొంతు సాధారణంగా మూడున్నర మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. మనిషి ఊపిరంతా ఆ సందులోంచే పోవాలి. గిన్నె లోతుగా ఉంటే ధ్వని గుండ్రంగా, మెత్తగా వస్తుంది. లోతు తక్కువైతే వాడిగా వస్తుంది, తారస్థాయి తేలికవుతుంది. అంచు వెడల్పైతే పెదవి త్వరగా అలిసిపోదు గానీ కదలడానికి స్వేచ్ఛ తగ్గుతుంది. ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది. ఇంజనీరుకు ఇది రోజూ ఉండే పేచీయే.

ఈ పేచీని కొలతల్లో పెట్టిన మనిషి కూడా ఇంజనీరింగు చదివినవాడే. విన్సెంట్ బాక్ 1890లో వియన్నా దగ్గరి బాడెన్‌లో పుట్టాడు. యంత్రాల చదువు చదివి, దాన్ని వదిలి ట్రంపెట్ పట్టాడు. 1914లో అమెరికా చేరి బోస్టన్ సింఫనీలో వాయించాడు. ఒక టూరులో ఉండగా, తనకు అలవాటైన మౌత్‌పీస్‌ను రిపేరు పనివాడొకడు పాడుచేశాడట. వాయిద్యం బాగానే ఉన్నా పూట గడవని స్థితి. దానితో, తనకు కావలసింది తానే చేసుకోవాలని తేల్చుకున్నాడు. 1918లో న్యూయార్క్‌లోని సెల్మర్ దుకాణం వెనక గదిలో కాలితో తొక్కే లేతు పెట్టుకుని పని మొదలుపెట్టాడు. 1924కల్లా పూర్తి ట్రంపెట్లు కూడా చేయసాగాడు.

అంతకుముందు మౌత్‌పీస్ అంటే ఏ పనివాడి చేతివాటం వాడిదే. ఒకటి పోతే సరిగ్గా అలాంటిది మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. బాక్ వాటికి అంకెలు, అక్షరాలు పెట్టాడు. అంకె చిన్నదైతే గిన్నె వెడల్పు ఎక్కువ. అక్షరం ఎ అయితే లోతు ఎక్కువ, బి, సి, డి, ఇ అంటూ పోయేకొద్దీ లోతు తగ్గుతుంది. ఈనాటికీ పిల్లల ట్రంపెట్‌తో పాటు పెట్టెలో వచ్చే 7సి ఆయన పెట్టిన పేరే. కేటలాగు ప్రకారం 7సి లోపలి వ్యాసం 16.20 మిల్లీమీటర్లు, 3సి వ్యాసం 16.30. తేడా మిల్లీమీటరులో పదో వంతు. ఆ పదో వంతును పెదవి పసిగడుతుంది.

ఇంత కొలత తెలిసిన మనిషి తొలినాళ్ల ప్రకటనల్లో ఒకటి ఏం చెప్పిందో తెలుసా? సాధన చేయకుండానే కార్నెట్ మీద మాంత్రికుడు కావడం ఎలాగో చెబుతానంది! వ్యాపారంలో అది మామూలే అనుకోండి. కానీ ఆ ఆశ మాత్రం వందేళ్లుగా చావలేదు. పాత మౌత్‌పీసుల వెంట పడే ప్రతివాడి లోపలా అది కాస్తో కూస్తో ఉంటుంది. నాలోనూ ఉండేది.

బాక్ కార్ఖానా న్యూయార్క్ నగరంలో పెరిగి, 1953లో పక్కనే ఉన్న మౌంట్ వెర్నన్‌కు మారింది. 1961లో ఆయన దాన్ని సెల్మర్ కంపెనీకి అమ్మాడు. ఆ తర్వాత పని ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌కు వెళ్లింది. అందుకే మెడ మీద 'మౌంట్ వెర్నన్' అన్న అచ్చు కనబడితే సేకరించేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. కొత్తవాటిలో లేనిదేదో వాటిలో ఉందని వాళ్ల నమ్మకం.

ఇక వాటిని వాడిన మహానుభావుల సంగతి. ఎవరి కథ చూసినా, ఆ మౌత్‌పీస్ ఒక్క మనిషి ఇబ్బందికి దొరికిన జవాబుగానే కనబడుతుంది.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో మొదలుపెడదాం. 1912 డిసెంబరు 31 రాత్రి న్యూ ఆర్లీన్స్ వీధిలో పిస్తోలు పేల్చినందుకు పదకొండేళ్ల ఆ కుర్రాణ్ణి నల్లజాతి అనాథ పిల్లలుండే ఆశ్రమ పాఠశాలకు పంపారు. అక్కడ పీటర్ డేవిస్ అనే బ్యాండు మాస్టారున్నారు. మొదట ఆయన ఈ పిల్లవాణ్ణి నమ్మలేదు. తర్వాత తంబురీన్ ఇచ్చారు, డ్రమ్ము ఇచ్చారు, బ్యూగిల్ ఇచ్చారు, చివరికి కార్నెట్ చేతిలో పెట్టారు. మౌత్‌పీస్ పెదవి మీద జారిపోతోందని అంచున ఆకురాయితో గాట్లు పెట్టుకున్నానని ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత చెప్పుకున్నాడు. ఏ కేటలాగులోనూ లేని మౌత్‌పీస్ అది. దానికి మూల్యం కూడా ఉంది. అంతంత ఒత్తిడితో తారస్థాయిలో వాయించీ వాయించీ ఆయన పెదవి చిట్లి, 1930ల్లో కొంతకాలం వాయిద్యం పక్కన పెట్టవలసి వచ్చింది.

హ్యారీ జేమ్స్ సర్కసు బ్యాండు మాస్టారి కొడుకు. ట్రంపెట్ నేర్పింది తండ్రే. 1940ల్లో పేరు మారుమోగినప్పుడు న్యూయార్క్‌లోని పర్డూబా కంపెనీ ఆయన పేరుతో మౌత్‌పీస్ అమ్మింది. దానిలో గిన్నె లోపల మరో చిన్న గిన్నె మెట్టులా ఉంటుంది. అది కొన్నవాళ్లందరికీ సర్కసు డేరా కింద చిన్నప్పటి నుంచి గంటల కొద్దీ కూర్చోబెట్టిన తండ్రి ఉన్నాడా?

చికాగో సింఫనీలో ఎడాల్ఫ్ హెర్సెత్ 1948 నుంచి 2001 దాకా ప్రధాన ట్రంపెట్ వాద్యకారుడు. 1952లో కారు ప్రమాదంలో ఆయన పళ్లు, పెదవి దెబ్బతిన్నాయి. గాయపడిన చోట పాత అంచు ఆనేది కాదు. అందుకని బాక్ వరసలో అన్నిటికంటే వెడల్పైన 1వ నంబరు వైపు మళ్లాడు. ఆయన ధ్వని విన్న తరం అమెరికా ఆర్కెస్ట్రాల్లో పెద్ద మౌత్‌పీసులకు ఎగబడింది. ఒకరి గాయం ఒక దేశానికి ఫ్యాషన్ అయింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మైల్స్ డేవిస్ కథ. ఈస్ట్ సెయింట్ లూయీలో తండ్రి పదమూడో పుట్టినరోజుకు ట్రంపెట్ కొనిచ్చాడు. ఆ ఊరి లింకన్ హైస్కూల్లో బ్యాండు మాస్టారు ఎల్వుడ్ బ్యూకానన్. స్వరాన్ని వణికించడం ఆయనకు నచ్చేది కాదు. నిటారుగా, తేటగా ఊదమనేవారు. బోస్టన్ సింఫనీలో వాయించిన గుస్టావ్ హైమ్ పేరు మీద వచ్చిన లోతు గిన్నె మౌత్‌పీస్ ఒకటుంది. సెయింట్ లూయీ వాద్యకారులకు దాని మీద మక్కువ. మైల్స్ బడి రోజుల్లోనే దానికి అలవాటు పడి, లోకప్రసిద్ధుడయ్యాక కూడా దాన్నే పట్టుకున్నాడు. ఆయన సంగీతం ఎన్ని మలుపులు తిరిగినా వణుకు లేని ఆ స్వరం మారలేదు. అది మౌత్‌పీస్ ఇచ్చిందా, మాస్టారు ఇచ్చారా?

ఈ వరసలో మన నేల తొక్కిన మనిషి కూడా ఉన్నాడు. కెనడాలో పుట్టిన మేనార్డ్ ఫెర్గూసన్ తారస్థాయికి పేరుమోసినవాడు. ఆయన పేరుతో జెట్‌టోన్ కంపెనీ లోతు తక్కువ గిన్నె ఉన్న మౌత్‌పీస్ అమ్మింది. కొన్న కుర్రాళ్లు దానితో ఆ ఎత్తులు అందుకోవాలని చూసి పెదవులు వాచగొట్టుకున్నారు. ఆ ఫెర్గూసన్ 1960ల చివర్లో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో ఉండి పిల్లలకు సంగీతం చెప్పాడు. తర్వాతి కాలంలో పుట్టపర్తికి వచ్చి అక్కడి విద్యార్థుల బ్రాస్ బ్యాండుకూ నేర్పాడు. తన బలమంతా ఊపిరి పట్టడంలోనే ఉందని, దానికి మన యోగం సాయపడిందని చెప్పేవాడు. ప్రపంచం ఆయన మౌత్‌పీస్ కొనుక్కుంది. రిషివ్యాలీ పిల్లలకు మనిషే దొరికాడు.

ఇప్పుడు నా సంగతి. 2016లో కంపెనీ పని మీద చికాగో వెళ్లినప్పుడు పాత వాయిద్యాల దుకాణంలో మౌంట్ వెర్నన్ అచ్చున్న 7సి ఒకటి కనబడింది. కొత్తదాని ధరకు మూడింతలు పెట్టి కొన్నాను. ఎంత పెట్టానో ఇంట్లో చెప్పలేదు, ఈ సంచికతో తెలిసిపోతుంది. తిరిగి వచ్చాక మా టూల్‌రూమ్‌లో ప్రొఫైల్ ప్రొజెక్టర్ మీద పెట్టాను. పక్కన కొత్త 7సి ఒకటి, స్నేహితుడి దగ్గర తెచ్చిన మరో పాత 7సి ఒకటి. మూడింటి మీదా ఒకే అంకె, ఒకే అక్షరం. మూడూ మూడు రకాలు. పాతవి రెండూ కూడా ఒకదానితో ఒకటి కలవలేదు. లేతు మీద పనిచేసినవాళ్లకు ఇందులో వింత ఉండదు. టూలు అరుగుతుంది, మళ్లీ సానపడతాం, ఆకారం వెంట్రుకవాసి మారుతుంది. ఆ మీదట చేత్తో బఫింగు, ఆ మీదట వెండి పూత. బాక్ అంకెలు ఇచ్చాడు గానీ, ఆ అంకెల నడుమ పనివాడి చెయ్యి ఉండనే ఉంది.

ఆ రాత్రి దానితో వాయించాను. మొదటి ఐదు నిమిషాలు స్వర్గం కనబడింది. స్వరం నిండుగా, కొత్తగా ఉంది. పావుగంట గడిచేసరికి పెదవి పాత అలవాటులోకి వచ్చేసింది. వినబడింది నేనే, ముప్ఫై ఏళ్లుగా సరిగ్గా సాధన చేయని నేనే.

ఇదంతా ఎందుకు రాశానంటే, నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటుంది. 2009లో మా పదో తరగతి బ్యాచ్ పాతికేళ్ల పండక్కి బడికి బ్యాండు సెట్టు ఇచ్చాం. ఎంపిక నాదే. ట్రంపెట్లు నాలుగు, మంచి కంపెనీ మౌత్‌పీసులు ఏరి మరీ తెప్పించాను. ఫొటోలు దిగాం, చప్పట్లు కొట్టించుకున్నాం. బ్యాండు మాస్టారు రిటైరై అప్పటికే చాలా ఏళ్లు. ఆయన స్థానంలో ఎవరూ లేరన్న సంగతి మాకు తెలుసు. తెలిసీ ఆ విషయం ఎత్తలేదు. కిందటేడు బడికి వెళ్లి ఆ పెట్టె తెరిపించాను. ఇత్తడికి చిలుము పట్టింది. రెండు మౌత్‌పీసులు గొట్టాల్లో బిగుసుకుపోయాయి. మౌత్‌పీస్ తోక సన్నగా వాలుతూ ఉంటుంది. లేతులో డ్రిల్లు కూర్చున్నట్టే, గట్టిగా గుద్ది పెట్టి వదిలేస్తే ఊడిరాదు. వాయించగానే గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పి తీయాలి. ఈ ఒక్క ముక్క పిల్లలకు చెప్పే మనిషి లేడు. ఇందులో బడి తప్పు ఏమీ లేదు. వస్తువు ఇచ్చి చేతులు దులుపుకున్నది మేము.

ఈ స్వర్ణోత్సవ సందర్భంగా కొత్త బ్యాండు సెట్టు కొందామన్న మాట సంఘంలో నడుస్తోందని విన్నాను. కాదనను. కానీ ఒక్క మనవి. ముందు మూడేళ్లకు సరిపడా బ్యాండు మాస్టారి జీతం పోగుచేద్దాం. మన ఊరి పెళ్లి బ్యాండుల్లో తలపండిన ట్రంపెట్ వాళ్లున్నారు, సైన్యం బ్యాండులో చేసి వచ్చినవాళ్లూ దొరుకుతారు. పాత సెట్టు నేను బాగు చేయిస్తాను. బిగుసుకున్న మౌత్‌పీసులు లాగడానికి చిన్న పుల్లర్ ఇప్పటికే చేశాను, పని చేస్తోంది. కొత్త వాయిద్యాలు ఎన్ని కావాలో, ఏ నంబరు మౌత్‌పీస్ కావాలో పిల్లల పెదవులు చూసి ఆ వచ్చే మాస్టారే చెబుతారు.

నా వాటా సొమ్ము ఆ జీతం కింద జమ వేసుకోమని కార్యదర్శికి రాశాను. మౌంట్ వెర్నన్ 7సిని శుభ్రం చేసి గుడ్డ సంచిలో పెట్టి ఉంచాను. మాస్టారు వచ్చిన రోజున ఆయన చేతికిస్తాను. ఏ పిల్లవాడికి ఇవ్వాలో ఆయనే చూసుకుంటారు.