కందెన కథ

మా తాతగారు బండి తోలుకుంటూ పోతూ ఉన్నట్టుండి ఎడ్లను నిలిపేవారు. వెనుక కూర్చున్న పిల్లలం మాకు ఏమీ వినబడేది కాదు. ఆయన దిగి, బండికి ఊతకర్ర ఆనించి, కడసీల తీసి, చక్రాన్ని బెత్తెడు బయటికి లాగేవారు. బండి కింద వేలాడే వెదురు గొట్టంలోంచి నల్లని జిడ్డును పుల్లతో తీసి ఇరుసుకు పట్టించేవారు. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంతో కలిపి నూరిన కందెన అది. “ఇరుసు అడిగింది, పెట్టాను” అని మళ్ళీ కాడి దగ్గరికి వెళ్ళేవారు. ఇరుసు ఎలా అడుగుతుందో నాకు అర్థం కావడానికి యాభై ఏళ్ళు పట్టింది.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు, మా పాత చిన్నకారు పల్లపు ఊళ్ళో బంధువుల ఇంటి ముందు చిక్కుకుపోయింది. చక్రాలు సగం మునిగి రెండు రోజులు నీళ్ళలోనే ఉంది. వరద తీశాక కడిగించాను, ఇంజను చూపించాను, నూనెలు మార్పించాను. అది చక్కగా కదిలింది. నెల తిరిగేసరికి వెనుకవైపు నుండి ఒక సన్నని హోరు మొదలైంది. మెల్లగా పోతే తుమ్మెద రొద, వేగం పెంచితే తిరగలి మోత. చర్ల రోడ్డు గతుకుల సంగతి తెలిసినదే కదా, టైర్ల చప్పుడేలే అని సరిపెట్టుకున్నాను. పాటలు పెట్టుకుంటే అదీ వినబడేది కాదు.

ఒక రాత్రి మా పొరుగింటి అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. ఆ సమయానికి అందుబాటులో ఉన్న బండి నాదే. చర్ల నుండి భద్రాచలం ఆసుపత్రికి సుమారు 60 కిలోమీటర్లు. దుమ్ముగూడెం సమీపించేసరికి కమురు వాసన వచ్చింది. ఆపి దిగి, వెనుక కుడి చక్రం దగ్గర చెయ్యి పెట్టబోయాను. తాకకముందే సెగ తగిలింది. లోపలినుండి ఆ అమ్మాయి తల్లి “ఏమైందన్నా, ఆపినవు?” అని అడిగింది. “ఏం లేదు చెల్లెమ్మా, చక్రం కాస్త వేడెక్కింది” అన్నాను. చల్లారేదాకా ఆగే వ్యవధి లేదు. ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. తక్కిన దారంతా సైకిలు వేగంతో, చక్రం ఊడుతుందేమోనని ప్రాణాలు చెవుల్లో పెట్టుకుని నడిపాను. తెల్లవారకముందే చేరాము. తల్లీ బిడ్డా క్షేమం. ఆ హోరు విన్ననాడే పట్టించుకుని ఉంటే ఆ రెండు గంటల భయం ఎవరికీ ఉండేది కాదు. ఆ తప్పు నాది.

నేను ఆగిన చోటు దుమ్ముగూడెం కావడం కేవలం యాదృచ్ఛికమే. కానీ ఇరుసుల చరిత్రలో ఆ ఊరికొక స్థానం ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్‌కు గోదావరిని రాజమార్గంగా చూడాలని కోరిక. ఎడ్లబండి మీద లాగే బరువుకు, అదే బరువును పడవలో లాగడానికి ఎంత తేడా ఉందో ఆయన జీవితమంతా వాదిస్తూనే వచ్చాడు. పడవకు ఇరుసు లేదు, ఇరుసు లేదు గనుక అరుగుదల లేదు. నాగపూరు, బేరారు సీమల పత్తి గోదావరి మీదుగా సముద్రం చేరాలని ఎగువ గోదావరి నౌకాయాన పథకం మొదలైంది. నదికి అడ్డంగా ఉన్న రాతిగుట్టల వరుసలలో మొదటిది దుమ్ముగూడెం దగ్గరిది. హేగ్ అనే ఇంజనీరు అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టించాడు. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఇంగ్లండుకు ఆగిపోవడంతో ఈ పనులకు కొంత ఊపు వచ్చింది. అయితే 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరింది. 1871లో గోదావరి పనులు నిలిచిపోయాయి. నీటితో పోటీలో ఇరుసే నెగ్గింది.

నెగ్గిన ఇరుసు కందెన బాధనుండి తప్పించుకోలేదు. రైలుపెట్టె ఇరుసు కూడా లోహపు దిమ్మ కింద రాసుకుంటూనే తిరిగేది. 1839లో ఐజాక్ బాబిట్ అనే అమెరికన్ తగరం పాలు ఎక్కువగా ఉన్న మెత్తని మిశ్రమలోహాన్ని ఆ దిమ్మకు లోపలిపూతగా వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. ఇరుసుపెట్టెలో నూనెలో నానిన దూది పీచు కూరేవారు. నూనె తగ్గితే ఇరుసు కాగి ఎర్రబడేది. రైల్వేవారి భాషలో అది “హాట్ యాక్సిల్”. బండి స్టేషనులో ఆగగానే ఒక మనిషి పెట్టెపెట్టెకూ నడుస్తూ, ఇరుసుపెట్టెల మీద చెయ్యివేసి చూసుకుంటూ పోవడం పాతకాలపు ప్రయాణికులకు గుర్తుండే ఉంటుంది. మా తాతగారు చెవితో చేసిన పనిని ఆయన చేతితో చేసేవాడు.

రాపిడిని తగ్గించడానికి జిడ్డు ఒక మార్గమైతే, రాపిడినే దొర్లుడుగా మార్చడం మరొక మార్గం. బరువైన బండరాయిని దుంగల మీద దొర్లించిన ప్రతివాడికీ ఈ రహస్యం తెలుసు. 1794లో ఫిలిప్ వాన్ అనే వేల్సు దేశపు ఇనుప కార్ఖానాదారు బండి ఇరుసు చుట్టూ గాడిలో గుండ్లు పరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన సరైనదే. అయితే ఒకే కొలతలో నున్నని గుండ్లు చేయడం నాటి పనిముట్లకు సాధ్యం కాలేదు. ఒక్క గుండు వెంట్రుకవాసి పెద్దదైతే బరువంతా దానిమీదే పడుతుంది. 1869లో పారిస్ నుండి రువాన్ దాకా జరిగిన సైకిలు పందెంలో జేమ్స్ మూర్ గుండ్ల బేరింగులున్న సైకిలు మీద నెగ్గినప్పుడు లోకం మళ్ళీ ఇటు చూసింది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణంలో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కుగుండ్లను ఒకే కొలతకు సానపట్టే యంత్రం చేశాడు. ఇప్పుడు మనం చూస్తున్న బేరింగుకు నిజమైన పుట్టినరోజు అదేనని నా అభిప్రాయం. 1898లో అమెరికాలో గుర్రపుబండ్లు చేసే హెన్రీ టిమ్‌కెన్ ఏటవాలు రోలర్ల బేరింగుకు పేటెంటు పొందాడు. 1907లో స్వీడనులో ఒక బట్టల మిల్లు ఇంజనీరు స్వెన్ వింక్విస్ట్, నేల కుంగి ఇరుసులు వంకరపోతున్నా తనంతట తాను సర్దుకునే బేరింగును కనిపెట్టాడు.

ఈ చిన్న వస్తువు విలువ ఎంతో తెలియాలంటే 1943 చూడాలి. ఆ ఏడాది ఆగస్టు 17న, అక్టోబరు 14న అమెరికా విమానాలు ష్వైన్‌ఫుర్ట్ మీద బాంబులు వేశాయి. బేరింగులు లేకపోతే జర్మనీ విమానాలూ ట్యాంకులూ ఆగిపోతాయని వారి లెక్క. రెండవ దాడి ఒక్కదానిలోనే దాదాపు 60 బాంబర్లు కూలాయి. గుండ్ల కోసం అంత రక్తం కారింది. మన దేశంలో 1946లో జైపూరులో బేరింగుల కర్మాగారం స్థాపించడం వెనుక కూడా, పరాయి దేశం పంపితేనే చక్రం తిరిగే స్థితి ఉండరాదన్న ఎరుక ఉందని నేననుకుంటాను.

మా అడవి అంచు పల్లెలకు బేరింగు మొదట సైకిలు రూపంలో వచ్చింది. పండుగ ముందు సైకిలు విప్పి, కప్పుల్లోని గుండ్లు కిరసనాయిలులో కడిగి, గ్రీసు పెట్టి ఎక్కించడం మా ఈడువారందరూ చేసినదే. తరువాత టైరుబండి వచ్చింది. పాత ఇరుసు వడ్రంగి, కమ్మరి కలిసి చేసినది, టైరుబండి ఇరుసు మాత్రం బజారునుండి కొన్నది. లారీలనుండి తీసిపారేసిన బేరింగులు మూడు దొరికితే పిల్లలం పలకకు బిగించి బేరింగుల బండి చేసుకునేవాళ్ళం. దాని చప్పుడు వీధి చివరిదాకా వినబడేది. అరిగిన బేరింగు ఎలా మోగుతుందో నాకు పదేళ్ళనాడే తెలుసన్నమాట. పెద్దయ్యాక మరచిపోయాను.

ఇక మా కారు సంగతి. మలుపు ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడివైపుకు ఒరుగుతుంది. అప్పుడు హోరు పెరిగితే దోషం కుడి చక్రానిది. పెరటిలో ముందు చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, జాకీతో లేపి, కింద గట్టి దిమ్మలు పెట్టాను. చక్రం తీసి, టోపీ ఊడదీసి, చీలపిన్ను లాగి, నట్టు విప్పి, బ్రేకు డ్రమ్మును బయటికి లాగాను. మా కారుకు డ్రమ్ములోనే రెండు బేరింగులు, వాటి నడుమ ఒక గొట్టపుముక్క. గ్రీసు ఉండవలసినచోట గోదావరి ఒండ్రు ఉంది, ఎర్రగా, తుప్పుతో కలిసి. గుండ్లు నడిచే గాడి గుంటలు పడిపోయింది.

పాతవి తీసి కొత్తవి దిగగొట్టేటప్పుడు ఒక తప్పు చేశాను. లోపలి వలయం మీద సుత్తితో కొట్టాను. డ్రమ్ములో బిగిసేది బయటి వలయం. లోపలిదాన్ని కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి గాడిలో సొట్టలు వేస్తుంది. చేత్తో తిప్పి చూస్తే గరగరమంది. పనికిరాదు. మరునాడు మళ్ళీ భద్రాచలం బస్సెక్కి మరొకటి తెచ్చుకున్నాను. ఈసారి బయటి వలయానికి సరిపోయే పాత బేరింగు వలయాన్నే ఆనించి, చుట్టూ సమంగా, నెమ్మదిగా తట్టుతూ దించాను. కొత్త సీలు, కొత్త చీలపిన్ను వేశాను. నట్టు బిగింపు మాత్రం నా చేతిని నమ్మకుండా, కొలత ఉన్న రెంచి అరువు తెచ్చి పుస్తకంలో చెప్పినంతే బిగించాను. ఎడమ చక్రం కూడా అదే నీళ్ళలో మునిగింది కనుక దాన్నీ మార్చాను.

సుమతీ శతకకారుడు కరణాలను మంచి చేసుకోవాలని చెప్పబోతూ, శివుడి బండికైనా ఆ జిడ్డు తప్పదన్నాడు. ఈనాటి బేరింగులు చాలావాటికి కందెన లోపలే పెట్టి మూతవేసి ఇస్తారు. జీవితకాలమంతా మనం ముట్టుకోనక్కరలేదంటారు. మంచిదే. కానీ ఆ జీవితకాలం వరద రాని దేశపు లెక్క. మూత వేసినంత మాత్రాన ఇరుసు అడగడం మానలేదు. అడిగేది వినే అలవాటు మనకు పోయింది, అంతే. ఆ అమ్మాయి కొడుకు ఇప్పుడు మా వాకిట్లో ఆడుకుంటున్నాడు. నేను కారులో పాటలు పెట్టడం తగ్గించాను.

మీ ప్రాంతాల్లో కందెనను దేనితో చేసేవారో, ఆ గొట్టాన్ని ఏమని పిలిచేవారో, కడసీలకు ఇంకేమి పేర్లున్నాయో తెలిసినవారు చెబితే సంతోషిస్తాను. బండ్లతోపాటు ఆ మాటలూ పోతున్నాయి.