హైదరాబాద్ ఖజానా నియంత్రణ: సాలార్‌జంగ్ సంస్కరణల నుంచి డిజిటల్ వ్యవస్థ దాకా

1853లో మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యేనాటికి నిజాం ఖజానా ఖాళీగా ఉంది. సైనికుల జీతాల బాకీల కింద, పాత అప్పుల కింద ఎన్నో తాలూకాల శిస్తు అరబ్బు జమేదార్ల, సాహుకార్ల గుప్పిట్లో ఉండేది. పాతబస్తీలోని దివాన్ దేవిడి నుంచి ముప్పై ఏళ్లపాటు పాలన నడిపిన ఆయన తాకట్టు తాలూకాలను విడిపించాడు. శిస్తును గుత్తకిచ్చే పద్ధతి మాన్పించి జీతంపై పనిచేసే తాలూకాదార్లను పెట్టాడు. 1865లో జిల్లాలవారీ పాలనా పద్ధతి అయిన జిల్లాబందీ తెచ్చాడు. ఈ సంస్కరణల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. ప్రభుత్వం ఎవరెవరికి ఎంత బాకీ పడిందో ముందు తేల్చుకోవడం. 1922లో నిజాం ఆర్థిక మంత్రి అక్బర్ హైదరీ శాఖలవారీ కేటాయింపులు ప్రవేశపెట్టగలిగింది ఈ పునాది మీదే.

బాకీ ఎంతో ముందు తేల్చుకోవాలన్న ఈ కొలతతోనే నేటి సమీకృత ఆర్థిక నిర్వహణ వ్యవస్థను (ఐఎఫ్‌ఎంఐఎస్) చూడాలి. తెలంగాణలో డ్రాయింగ్ అధికారి బిల్లు ఆన్‌లైన్‌లో పెడతాడు. ఆ పద్దులో బడ్జెట్ విడుదల కాకపోతే బిల్లు ముందుకు కదలదు. జిల్లాల్లో ట్రెజరీ, హైదరాబాద్ నగరంలో పే అండ్ అకౌంట్స్ ఆఫీసు పరిశీలించి పాస్ చేస్తాయి. సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది. ఎవరు ఎప్పుడు ఆమోదించారో జాడ మిగులుతుంది. ఇది చిన్న లాభం కాదు.

అయితే ఈ తాళం చెల్లింపు దగ్గరే పడుతోంది. పని మంజూరైన రోజునే ప్రభుత్వం మీద బాధ్యత పుడుతుంది. బిల్లు అందినట్టు టోకెన్ నంబరు పడి నెలలు గడిచినా సొమ్ము రాకపోతే అది ఖర్చును అదుపు చేయడం అనిపించుకోదు. ప్రభుత్వం తన అప్పును కాంట్రాక్టరు మీదికి నెట్టినట్టే అవుతుంది. ఆ కాంట్రాక్టరు వడ్డీకి తెచ్చి కూలీలకిస్తాడు, లేదా పని ఆపేస్తాడు. తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక స్థితిపై 2023 డిసెంబరులో ఇచ్చిన శ్వేతపత్రంలో ప్రభుత్వ సంస్థల రుణాలు కూడా కలిపితేనే మొత్తం అప్పు 6.71 లక్షల కోట్ల రూపాయలకు చేరింది. బడ్జెట్ పద్దుల్లో కనిపించే లెక్క ఒక్కటే ఉంటే సరిపోదనడానికి ఇది చాలు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం మరో హెచ్చరిక. అక్కడ 2018లో ఇదే తరహా ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్ మొదలైంది. 2020-21లో 48 వేల కోట్ల రూపాయలకు పైగా ‘స్పెషల్ బిల్లుల’ రూపంలో నమోదైనట్టు కాగ్ ఎత్తిచూపింది. అవి పుస్తక సర్దుబాట్లేనని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఆ వివరణను పూర్తిగా ఒప్పుకున్నా, ట్రెజరీ నియమావళిలో లేని దారి సాఫ్ట్‌వేర్‌లో ఎందుకు ఉండాలన్న ప్రశ్న మిగులుతుంది.

తెలంగాణ ఆర్థిక శాఖ చేయవలసినవి రెండు. పని మంజూరు ఉత్తర్వు వెలువడిన రోజే ఆ మొత్తం బాధ్యతగా వ్యవస్థలో నమోదు కావాలి. టోకెన్ల వరుసను తేదీలతో సహా ప్రజలందరికీ కనిపించేలా పెట్టాలి. వెనక వచ్చిన బిల్లు ముందు పాసైతే, అందుకు కారణమేమిటో ఆ వరుసలోనే రాయాలి.